కిల్టు: నిషేధం, అలంకారం, గౌరవం

స్కాట్లండ్ సంస్కృతికి బయటివాళ్లు కిల్టు కట్టుకోవచ్చా? కట్టుకుంటే అది గౌరవం అవుతుందా, అపహాస్యం అవుతుందా? దళిత అధ్యయనాల పత్రికలో ఈ ప్రశ్న ఎందుకని పాఠకులకు అనుమానం రావచ్చు. మన ఊళ్లల్లో కిల్టు కట్టేవాళ్లు లేరు. ఎడిన్‌బరోలో ఎవరు కట్టినా మనకు పోయేదేమీ లేదు. కానీ సంస్కృతి మీద జరిగే చర్చల్లో ఈ బట్టను ఒక సాక్షిలాగా మాటిమాటికీ బోను ఎక్కిస్తున్నారు. "స్కాట్లండ్ వాళ్ల బట్ట ప్రపంచమంతా కట్టుకుంటున్నది, వాళ్లేమో సంతోషపడుతున్నారు, మీకెందుకు అంత ఉక్రోషం?" అని పీడిత కులాలనూ ఆదివాసులనూ నల్లవాళ్లనూ నిలదీయటానికి ఇది అనువైన ఉదాహరణ అయింది. ఇంకోవైపు, "సంస్కృతి రక్తంలో ఉంటుంది, అందులో పుట్టినవాడికే హక్కు" అనేవాళ్లూ ఇదే కిల్టును చూపిస్తారు. ఒకే బట్టను రెండు వైపుల నుంచి గుంజుతున్నారు. ఆ బట్ట మీద ఎవరి చెమట ఉన్నదో, ఎవరి నెత్తురు ఉన్నదో మాత్రం రెండు పక్షాలూ చెప్పవు.

బయటివాళ్లు కిల్టు కట్టుకోవచ్చు అనే నేనంటాను. అయితే అది కట్టుకోవచ్చు అనటానికి కారణం "సంస్కృతి అందరిదీ" అనే తియ్యటి మాట కాదు. ఆ బట్ట కట్టినందుకు శిక్షపడే కాలం పోయింది, ఆ బట్టను రాజ్యమూ మార్కెట్టూ ఎప్పుడో తమ సొంతం చేసుకున్నాయి, ఇవాళ ఆ దేశంలో బతికే మామూలు మనుషులు బయటివాళ్లను రమ్మంటున్నారు. ఇవీ కారణాలు. ఈ కారణాలు లేనిచోట కిల్టు ఉదాహరణ చెల్లదు. దీన్ని చరిత్రలోనుంచే చూడాలి.

బట్ట, దాని మనుషులు

కిల్టు అంటే నడుము నుంచి మోకాలి దాకా వచ్చే ఉన్ని బట్ట. ముందు చదునుగా ఉంటుంది, వెనక దగ్గర దగ్గరగా కుచ్చిళ్లు ఉంటాయి. నిండు కిల్టుకు ఎనిమిది గజాల దాకా బట్ట పడుతుంది. రంగు దారాలు నిలువునా అడ్డంగా కలిసి గళ్లు పడే ఆ నేతను టార్టన్ అంటారు. దీని పాత రూపం 16వ శతాబ్దం చివర్లో కనబడుతుంది. గేలిక్ భాషలో దాన్ని ఫేలా మోర్ అన్నారు, అంటే పెద్ద చుట్టుబట్ట అని. దుప్పటంత బట్టను నడుము దగ్గర తోలు పట్టాతో బిగించి, మిగిలింది భుజం మీద వేసుకునేవాళ్లు. పగలు కట్టుబట్ట, రాత్రి కప్పుకునే బట్ట. మన గొల్ల కురుమల గొంగడికి ఎన్ని పనులుంటాయో దానికీ అన్ని పనులు. చలిలో, వానలో, కొండల్లో పశువుల వెంబడి తిరిగే మనుషుల బట్ట అది.

"స్కాట్లండ్ సంస్కృతి" అనే మాటను కూడా ఇక్కడే విప్పి చూడాలి. అది ఒక్కటి కాదు. ఉత్తరాన, పడమట ఉన్న కొండసీమ హైలండ్స్. అక్కడి భాష గేలిక్, అక్కడి బతుకు క్లాన్ అనే వంశ వ్యవస్థ చుట్టూ నడిచింది. దక్షిణాన ఉన్న మైదానం లోలండ్స్. పట్నాలు, కోర్టులు, విశ్వవిద్యాలయాలు ఎక్కువగా అక్కడివే. లోలండ్ పెద్దమనుషుల దృష్టిలో హైలండర్ అంటే దొంగ, సోమరి, అనాగరికుడు. ఆస్తిపరులైన హైలండ్ పెద్దలు తమ పెద్దబిడ్డలను లోలండ్స్‌కు పంపి ఇంగ్లీషు నేర్పించాలని 1609 నాటి అయొనా శాసనాలు కట్టడి చేశాయి. విద్య మీద 1835 నాటి పత్రంతో మనకు బాగా తెలిసిన మెకాలే, 1855లో వెలువడిన తన ఇంగ్లండు చరిత్ర సంపుటంలో దీన్ని దాచుకోకుండానే రాశాడు. పాత రోజుల్లో స్కాట్లండ్‌లో పదిమందిలో తొమ్మండుగురికి ఆ వేషం దొంగ వేషంగానే కనబడేదనీ, అటువంటిదాన్ని తర్వాతి రాజొకడు స్కాట్లండ్‌ మీద గౌరవం చూపటానికి కట్టుకున్నాడనీ ఎత్తిపొడిచాడు. మెకాలే వంశం కూడా హైలండ్స్ నుంచి వచ్చిందే. అంటే కిల్టు విషయంలో మొదటి "బయటివాడు" ఇంగ్లండు నుంచో అమెరికా నుంచో రాలేదు. స్కాట్లండ్ లోపలే ఉన్నాడు.

నిషేధం బట్టకా, మనిషికా?

1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ మైదానంలో స్టూవర్ట్ రాజవంశం పక్షాన తిరగబడ్డ సైన్యం ఓడిపోయింది. ఆ సైన్యంలో హైలండర్లు ఎక్కువ. అదే ఏడు పార్లమెంటు చేసిన చట్టంతో 1747 ఆగస్టు 1 నుంచి స్కాట్లండ్‌లో మగవాళ్లు, మగపిల్లలు హైలండ్ బట్టలు కట్టటం నేరమైంది. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు. రెండోసారి దొరికితే ఏడేండ్లు సముద్రం అవతలికి ప్రవాసం. కట్టుబట్టకు ఏడేండ్ల ప్రవాసం!

ఈ చట్టంలోనే ఒక మినహాయింపు ఉన్నది. రాజుగారి సైన్యంలో పనిచేసేవాళ్లకు నిషేధం వర్తించదు. 1725లో పుట్టి 1739లో పూర్తి దళమైన బ్లాక్ వాచ్ సైనికులు ఆ నిషేధకాలమంతా టార్టన్ కట్టుకునే కవాతు చేశారు. సొంత కొండమీద సొంత బట్ట కట్టుకున్నవాడు నేరస్తుడు. అదే బట్ట కట్టుకొని రాజు కోసం చావటానికి సిద్ధపడ్డవాడు వీరుడు. అప్పుడు నిషేధం బట్టకు కాదు, బట్ట లోపలి మనిషి స్వతంత్రానికి. బట్టను రాజ్యం పారెయ్యలేదు, తన యూనిఫాంలో కుట్టుకున్నది.

ఇటువంటి కట్టడి మనకు కొత్త కాదు. ఇండోర్ ప్రాంతపు గ్రామాల్లో సవర్ణులు బలాయీల మీద పెట్టిన షరతులను అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో (1936) 1928 నాటి పత్రికా వార్త నుంచి ఎత్తి చూపించాడు. జరీ అంచు తలపాగా చుట్టగూడదు, రంగు అంచు ధోవతి కట్టగూడదు, ఆడవాళ్లు బంగారం వెండి పెట్టగూడదు. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివిన మొదటివాణ్ణి నేను. మా తాత ఊళ్లోకి పోయేటప్పుడు పంచె మోకాలి పైకి ఎగగట్టి, చెప్పులు చేతబట్టుకొని నడిచేవాడు. ఆయనకు ఎవరూ చట్టం చదివి వినిపించలేదు. వినిపించాల్సిన అవసరమే రాలేదు. పార్లమెంటు చేసిన నిషేధానికి ఒక తేదీ ఉంటుంది, దాన్ని ఎత్తేసే తేదీ కూడా ఉంటుంది. కులం చేసిన నిషేధానికి ఆ రెండూ ఉండవు. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి, చివర్లో పనికొస్తుంది.

దొంగ బట్ట రాజు నడుముకెక్కింది

హైలండ్ బట్టల మీద నిషేధం 1782లో ఎత్తేశారు. ఎత్తేయించినవాళ్లు కొండల్లోని పశువుల కాపరులు కాదు, 1778లో ఏర్పడిన లండన్ హైలండ్ సొసైటీ పెద్దలు. అప్పటికి ముప్పై ఐదేండ్లు గడిచాయి. ఒక తరం ప్యాంటుకు అలవాటుపడింది. రోజువారీ బట్టగా కిల్టు బతుకు చాలామట్టుకు అయిపోయింది. ఆ తర్వాతే అది పండుగ బట్టగా, దొరల బట్టగా రెండో జన్మ ఎత్తింది.

1822 ఆగస్టులో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చాడు. ఆ సంబరాన్ని దగ్గరుండి నడిపించినవాడు నవలాకారుడు వాల్టర్ స్కాట్. లోలండ్ పెద్దమనిషి. రాజు కిల్టు కట్టాడు, లోపల చర్మం రంగు బిగుతు లాగు తొడిగాడు. లండన్ మాజీ మేయర్ విలియం కర్టిస్ కూడా కిల్టు కట్టి వచ్చాడు. ఊరంతా టార్టన్. దొంగ బట్ట జాతీయ దుస్తుగా మారింది అప్పుడే.

సరిగ్గా ఆ కాలంలోనే ఆ బట్ట అసలు మనుషులు ఏమయ్యారు? గొర్రెల కోసం ఊళ్లు ఖాళీ చేయించారు. సదర్లండ్ ఎస్టేటులో 1814 నుంచి 1820 దాకా సుమారు 3,000 కుటుంబాలను, 15,000 మందిని వెళ్లగొట్టి ఊళ్లు తగులబెట్టిన సంగతిని మార్క్స్ 'పెట్టుబడి'లో ఉదాహరణగా తీసుకున్నాడు. 1825 నాటికి ఆ మనుషుల చోట 1,31,000 గొర్రెలున్నాయని రాశాడు. ఆ ఎస్టేటు యజమానురాలి వంశం నుంచి కూడా 1822 సంబరానికి టార్టన్ కట్టిన మనుషులను పంపారు.

గ్లెన్‌గారీ నాయకుడు అలస్టేర్ మాక్‌డానెల్ కథ ఇంకా ముఖ్యం. 1812లో రేబర్న్ గీసిన ఇతని నిలువెత్తు చిత్రం చాలా పేరున్నది. నిండు హైలండ్ వేషం, చేతిలో తుపాకి. 1815లో "నిజమైన హైలండర్ల సంఘం" పెట్టాడు. హైలండర్లు కానివాళ్లంతా ఈ వేషం కట్టి బట్ట పరువు తీస్తున్నారని ఎడిన్‌బరో కెల్టిక్ సొసైటీ మీద విరుచుకుపడ్డాడు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే బయటివాళ్లు మా సంస్కృతిని వాడుకుంటున్నారని ఫిర్యాదు చేశాడు. అదే మనిషి తన భూముల నుంచి తన వంశపు రైతులను వెళ్లగొట్టాడు. అతని తల్లిదండ్రుల కాలంలో మొదలైన ఆ పని అతని కాలంలోనూ ఆగలేదు. అక్కడినుంచి పోయినవాళ్లు కెనడాలో ఓ ప్రాంతానికి గ్లెన్‌గారీ అనే పేరే పెట్టుకున్నారు. బట్ట స్వచ్ఛతకు కాపలాదారూ, మనుషుల్ని తరిమినవాడూ ఒక్కడే!

సంస్కృతి పరిరక్షణ పేరుతో ఎవరైనా గొంతెత్తినప్పుడు మనం మొదట అడగాల్సిన ప్రశ్న ఇక్కడ దొరుకుతుంది. నువ్వు కాపాడుతున్నది మనుషుల్నా, వాళ్ల బట్టల్నా?

ట్రెవర్-రోపర్ చెప్పింది, చెప్పనిది

కిల్టు గురించి విద్యావంతుల్లో ఎక్కువగా చెలామణి అయ్యే మాట హ్యూ ట్రెవర్-రోపర్‌ది. హాబ్స్‌బామ్, రేంజర్ సంపాదకత్వంలో 1983లో వచ్చిన 'ఇన్వెన్షన్ ఆఫ్ ట్రెడిషన్' పుస్తకంలో హైలండ్ సంప్రదాయం మీద ఇతని వ్యాసం ఉన్నది. మన దగ్గర కూడా "కల్పిత సంప్రదాయం" అనే మాటను వాడుకోని పరిశోధకుడు తక్కువ. ఆ వ్యాసం సారాంశం ఇది. పొట్టి కిల్టు ప్రాచీనమైనది కాదు, 18వ శతాబ్దంలో థామస్ రాలిన్సన్ అనే ఇంగ్లీషు ఇనుప కొలిమి యజమాని చేయించింది. వంశానికొక టార్టన్ అనేది 19వ శతాబ్దపు వ్యాపారులూ మోసగాళ్లూ కలిసి అల్లిన కథ.

రెండో మాట చాలావరకు నిజం. బనక్‌బర్న్‌లోని విల్సన్ నేత కంపెనీ 1819లో తయారుచేసుకున్న నమూనాల పుస్తకంలో టార్టన్లకు కొన్నిటికి వంశాల పేర్లు, ఇంకొన్నిటికి ఊళ్ల పేర్లు, మరికొన్నిటికి ఉత్త నంబర్లే ఉన్నాయి. స్టూవర్ట్ యువరాజు మనవళ్లమని చెప్పుకున్న ఇద్దరు అన్నదమ్ములు 1842లో 'వెస్టియేరియం స్కాటికం' అనే పుస్తకం అచ్చేసి, పాత రాతప్రతి దొరికిందన్నారు. అది దొంగ ప్రతి. అయినా దాంట్లోని నమూనాలు ఇవాళ్టికీ వంశాల టార్టన్లుగా అమ్ముడుపోతున్నాయి.

మొదటి మాట అంత గట్టిది కాదు. రాలిన్సన్ కథకు ఆధారం దశాబ్దాల తర్వాత, 1785లో అచ్చైన ఒక ఉత్తరం. దాన్ని ఒప్పుకోని చరిత్రకారులున్నారు. సరే, ఒప్పుకుందాం. అప్పుడు జరిగిందేమిటి? అడవిలో చెట్లు నరికే, కొలిమి దగ్గర పనిచేసే కూలీలకు పొడుగు బట్ట అడ్డమొస్తున్నదని పైభాగం తీసేసి కిందిభాగానికి కుచ్చిళ్లు కుట్టించారు. పనికోసం పనివాళ్ల బట్ట మారింది. కత్తెర పట్టింది దర్జీ. కట్టుకొని చెమటోడ్చింది కూలీలు. కనిపెట్టినవాడు మాత్రం యజమాని! ఉత్పత్తి కులాల చరిత్రను చదివేవాళ్లకు ఈ లెక్క బాగా తెలిసిందే.

ఇతని వ్యాసంలో వెటకారం ఎక్కువ. ఆ వెటకారం ఎటునుంచి వస్తున్నదో చూడాలి. ట్రెవర్-రోపర్ స్కాట్లండ్ స్వపరిపాలనకు వ్యతిరేకి. ఆఫ్రికాలో చెప్పుకోదగ్గ చరిత్ర లేదు, ఉన్నది అక్కడి యూరోపియన్ల చరిత్రే అనే అర్థంలో 1960లలో మాట్లాడినవాడు కూడా ఇతనే. ఒకరికి చరిత్ర లేదు, ఇంకొకరికి ఉన్న చరిత్ర దొంగది. అసలు చరిత్ర ఎవరికి మిగిలిందో వేరే చెప్పనక్కర్లేదు.

"ఇది కల్పితం, కాబట్టి దీనికి గౌరవం ఏమిటి, ఎవరైనా ఎట్లనైనా వాడుకోవచ్చు" అని ఈ వ్యాసం నుంచి తీసే నిర్ధారణ తప్పు. కల్పించుకోని సంప్రదాయం ఎక్కడున్నది? 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలమంది తెల్లబట్టలు కట్టుకొని బౌద్ధం తీసుకున్నారు. అది కల్పించుకున్నదే, అంబేద్కర్ కల్పించి ఇచ్చిందే. తిట్టుగా వాడిన కులం పేరును 1994 దండోర ఉద్యమం తర్వాత మాదిగలు తమ పేరు చివర తగిలించుకున్నారు. అదీ కొత్తగా చేసుకున్నదే. కొత్తది అయినంతమాత్రాన అబద్ధం కాదు. ఎవరు కల్పించారు, ఎవరి అవసరానికి కల్పించారు అనేదే ప్రశ్న. మాదిగ అనే మాటను తిట్టుపడ్డవాళ్లే తలెత్తి పలికారు. కిల్టు విషయంలో, తిట్టినవాళ్లే ఆ బట్టను ఎత్తుకొని అలంకారం చేసుకున్నారు, తిట్టుపడ్డవాళ్లను ఓడ ఎక్కించారు. ట్రెవర్-రోపర్ చూడని తేడా ఇది. సంప్రదాయం ఎంత పాతదో కొలిచాడు గానీ అది ఏ చేతి నుంచి ఏ చేతికి పోయిందో అడగలేదు.

సికందర్ బాగ్‌లో కిల్టు

కిల్టు మన దేశానికి పెళ్లి ఫోటోల్లో రాలేదు, తుపాకితో వచ్చింది. 1803లో అస్సయే యుద్ధంలో 78వ హైలండ్ దళం మరాఠాల మీద పోరాడింది. 1857 నవంబర్ 16న లక్నోలోని సికందర్ బాగ్‌ మీదికి దూకిన దళాల్లో 93వ సదర్లండ్ హైలండర్లు, పంజాబీ సైనికులు ఉన్నారు. హైలండర్లు కిల్టులోనే ఉన్నారు. తోటలోపల చిక్కుకున్న సిపాయిలు సుమారు రెండువేల మంది చనిపోయారు. అక్కడ రావిచెట్టెక్కి శత్రువుల్ని ఒక్కొక్కరినే కాల్చిన ఒక మనిషిని 93వ దళం వాడొకడు కాల్చి పడేశాడనీ, కింద పడ్డాక చూస్తే ఆమె ఆడమనిషి అనీ, అతను ఏడ్చాడనీ అదే దళంలో పనిచేసిన ఫోర్బ్స్-మిచెల్ 1893లో అచ్చైన తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆమె పేరు అతనికి తెలియదు. పాసీల జ్ఞాపకంలో ఆమె పేరు ఊదాదేవి. లక్నోలో ఇవాళ ఆమె విగ్రహం ఉన్నది. ఏటా నవంబర్ 16న దళితులు అక్కడ చేరుతారు.

ఆ 93వ దళం ఎట్లా పుట్టింది? 1799, 1800 సంవత్సరాల్లో సదర్లండ్ ఎస్టేటు కౌలుదార్ల కొడుకులను పోగేసి తయారుచేశారు. కొడుకుల్ని ఇస్తే భూమి నిలుస్తుందని తల్లిదండ్రులు ఆశపడ్డారు. కొడుకులు యుద్ధాల్లో ఉండగానే ఆ లోయలను ఖాళీ చేయించారు. 1854లో క్రిమియా యుద్ధానికి మనుషులు కావాలని డ్యూకు వచ్చినప్పుడు, మమ్మల్ని వెళ్లగొట్టి గొర్రెల్ని తెచ్చుకున్నారు గదా, వాటినే పంపుకోండి అని జవాబిచ్చారని అక్కడ చెప్పుకుంటారు. 1857 నాటికి దళంలో అందరూ సదర్లండ్ వాళ్లే కాకపోవచ్చు. కానీ పేరు అదే, బట్ట అదే. సొంత నేల పోగొట్టుకున్నవాళ్ల బట్టను సామ్రాజ్యం యూనిఫాం చేసి, ఆ యూనిఫాంతో ఒక పాసీ స్త్రీని చంపించింది. పీడితుల బట్ట కాబట్టి కిల్టు పవిత్రమైనదని మనం అనలేం. సామ్రాజ్యపు బట్ట కాబట్టి నీచమైనదనీ అనలేం. చెట్టు పైనా కిందా ఉన్న ఇద్దరినీ చూడాలి.

రక్తం లెక్క, ఇంటిపేరు లెక్క

"నీ ఇంటిపేరుకు టార్టన్ ఉన్నదా? ఉంటే కట్టుకో, లేకపోతే వద్దు" అనేది చాలామంది మర్యాదగా చెప్పే నియమం. చట్టంలో అట్లాంటిదేమీ లేదు. 2008 చట్టం ప్రకారం 2009లో మొదలైన స్కాటిష్ టార్టన్ల రిజిస్టర్‌ నమూనాలను నమోదు చేస్తుంది, మనుషులను జల్లెడ పట్టదు. ఈ ఇంటిపేరు లెక్క గోత్రం లెక్కకు చుట్టమే. దాన్ని నిజంగా పాటిస్తే ఎక్కడ తేలుతుంది? జమైకాలో క్యాంప్‌బెల్ అనే ఇంటిపేరు మామూలు. స్కాట్లండ్ నుంచి పోయిన బానిసల యజమానులు, పెత్తందార్ల ద్వారా వచ్చిన పేరది. స్కాట్లండ్‌లో నేసిన ముతక నార బట్ట ఆ తోటల్లోని బానిసల ఒంటిమీదికి పోయింది. ఇప్పుడు ఆ నల్ల క్యాంప్‌బెల్‌కు కిల్టు మీద హక్కున్నదా లేదా? ఇంటిపేరు లెక్కన ఉన్నది. రక్తం లెక్క చెప్పేవాళ్లు మాత్రం నీళ్లు నములుతారు.

రక్తం లెక్క ఎక్కడిదాకా పోతుందో అమెరికా చూపించింది. కొండవంశాలను పిలవటానికి మండే శిలువను తిప్పే దృశ్యాన్ని వాల్టర్ స్కాట్ 1810లో ఒక కావ్యంలో ప్రసిద్ధం చేశాడు. థామస్ డిక్సన్ 1905లో రాసిన 'ది క్లాన్స్‌మన్' నవల దాన్ని కూక్లక్స్‌క్లాన్‌కు అంటగట్టింది. ఆ నవల 1915లో సినిమా అయింది. అదే ఏడు స్టోన్ మౌంటెన్ మీద రెండో కూక్లక్స్‌క్లాన్ శిలువ కాల్చి పుట్టింది. స్కాట్లండ్ వంశరక్తం మాది అని చెప్పుకున్న తెల్లవాళ్లు ఆ నిప్పుతో నల్లవాళ్ల ఇండ్ల ముందు నిలబడ్డారు. రక్తం ఉన్న ఈ "లోపలివాళ్ల" కన్నా రక్తం లేని బయటివాడు ఎన్నోరెట్లు నయం.

అధికారం ఉన్న బయటివాళ్లను అసలు ఎవరు ఆపారు? నాలుగో జార్జిది జర్మనీ మూలాల వంశం. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ జర్మన్. 1853లో బాల్మొరల్ టార్టన్ తానే రూపొందించాడు. దాన్ని రాజకుటుంబం తప్ప ఇతరులు కట్టగూడదనే ఆనవాయితీ ఇవాళ్టికీ ఉన్నది. బయటినుంచి వచ్చి లోపల గడియ పెట్టుకోవటం అంటే ఇదే.

దీనికి ఎదురుగా స్కాట్లండ్‌లో స్థిరపడ్డ సిక్కులను పెట్టి చూద్దాం. 1999లో సింగ్ టార్టన్ తయారుచేయించుకున్నారు. తలపాగాతో కిల్టు కట్టి పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. 2016లో హంజా యూసఫ్ కిల్టు కట్టుకొని స్కాట్లండ్ పార్లమెంటులో ఉర్దూలో ప్రమాణం చేశాడు. 2023లో ఫస్ట్ మినిస్టర్ అయ్యాడు. వీళ్లు బయటివాళ్లా? అక్కడ బతికి, పనిచేసి, ఓటేసి, పిల్లల్ని కన్నవాళ్లను బయటివాళ్లనటమే రక్తం లెక్క.

గౌరవం అంటే ఏమిటి?

అసలు సంబంధమే లేని మనిషి సంగతికి వద్దాం. స్నేహితుడి పెళ్లికి పోయినవాడు, బ్యాగ్‌పైప్ వాయించటం నేర్చుకున్నవాడు, ఉత్తగా నచ్చినవాడు. కట్టుకోవచ్చు. స్కాట్లండ్‌లో ఎక్కువమంది దీన్ని సంతోషంగానే చూస్తారు. కిల్టు అద్దెకిచ్చే కొట్లు బతికేదే దానిమీద. మర్యాదలు కొన్ని ఉన్నాయి. కుచ్చిళ్లు వెనక్కి ఉండాలి. నీవు పనిచెయ్యని దళం బిళ్ల పెట్టుకోగూడదు. వంశ నాయకుడి గుర్తైన మూడు గద్ద ఈకలు టోపీలో గుచ్చుకోగూడదు. ఇవి తెలుసుకోవటం మంచిదే, కానీ గౌరవం వీటితో అయిపోదు. రాజు దగ్గర ఈ మర్యాదలన్నీ ఉన్నాయి. గ్లెన్‌గారీ దొర దగ్గర ఇంకా ఎక్కువ ఉన్నాయి.

అగౌరవం ఎక్కడుందో ముందు చెప్తే గౌరవం తేలిగ్గా అర్థమవుతుంది. ఎర్రజుట్టు కుట్టిన టార్టన్ టోపీ పెట్టి, తాగుబోతు వేషం వేసి, కిల్టును నవ్వులాటకు వాడటం పాత లోలండ్ వెక్కిరింపుకు కొనసాగింపు. లోపల ఏమి తొడిగావని అడగటం, హోటళ్లలో కిల్టు యూనిఫాంతో పనిచేసే కుర్రాళ్ల బట్ట ఎత్తి చూడటం తమాషా కాదు, పనివాడి మీద వేధింపు. ఎవరు కుట్టారో పట్టించుకోకపోవటం ఇంకొక అగౌరవం. చేత్తో కిల్టు కుట్టే పనివాళ్లు స్కాట్లండ్‌లో ఉన్నారు. ఒక్కొక్కటి కుట్టటానికి రోజులు పడుతుంది. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో బ్యాగ్‌పైపులూ చవక కిల్టులూ తయారై దేశదేశాలకు పోతున్నాయి. కిల్టు ఎవరు కట్టుకోవచ్చు అనే చర్చలో సియాల్‌కోట్ కార్మికుడి పేరు రాదు. కుట్టే చేతికి కూలి ఎంత అని అడగని గౌరవం దుకాణంలో కొనుక్కునే గౌరవమే.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష భాష. కిల్టు ప్రపంచమంతా తిరుగుతున్నది. కిల్టుకు మొదట పేరు పెట్టిన గేలిక్ భాషను 2011 జనాభా లెక్కల్లో మాట్లాడగలవాళ్లు సుమారు 57 వేలమంది, స్కాట్లండ్ జనంలో నూటికి ఒక్కరు. 2022 లెక్కల్లో ఆ భాష కొద్దో గొప్పో తెలిసినవాళ్లు నూటికి రెండున్నర మంది. స్కాటిష్ భాషల చట్టంతో గేలిక్‌కు అధికార హోదా వచ్చింది 2025లో. 1782లో బట్టకు విడుదల దొరికితే, ఆ బట్ట కట్టినవాళ్ల నాలుకకు హోదా దొరకటానికి ఇంకో 243 ఏండ్లు పట్టింది. బట్ట అమ్ముడుపోతుంది, భాష అమ్ముడుపోదు. కిల్టు కట్టుకునే బయటివాడు ఆ బట్టకు గేలిక్‌లో ఏమంటారో తెలుసుకుంటే, కల్లోడెన్‌తోపాటు సదర్లండ్ పేరు కూడా తెలుసుకుంటే, అది గౌరవం.

ఈ ఉదాహరణ ఎక్కడ చెల్లదు

ఇప్పుడు మనల్ని నిలదీసేవాళ్ల దగ్గరికి వద్దాం. స్కాట్లండ్ వాళ్లు ఏమీ అనుకోవటం లేదు గదా, మీరెందుకు అనుకుంటున్నారు అని అడిగేవాళ్లకు ఒకటే జవాబు. ఇవాళ కిల్టు కట్టినందుకు స్కాట్లండ్‌లో మనిషిని కట్టేసి కొట్టేవాళ్లు లేరు. ఇక్కడ 2017లో గుజరాత్‌లో మీసం పెంచినందుకు దళిత యువకుల్ని కొట్టారు. పెండ్లికొడుకు గుర్రమెక్కితే రాళ్లు పడే ఊళ్లున్నాయి. 1989లో చట్టం వచ్చినా ఈ నిషేధం ఎత్తేసిన తేదీ ఇంకా రాలేదు.

దప్పునే తీసుకోండి. మాదిగ దప్పు కొట్టటం వెట్టి. చావుకూ జాతరకూ కొట్టాలి, కొట్టినవాడు వాకిట్లోనే నిలబడాలి. అదే దప్పు ఇవాళ వేదికల మీద, సినిమాల్లో, కళాశాల వార్షికోత్సవాల్లో మోగుతున్నది. అగ్రకులాల పిల్లలు నేర్చుకుంటున్నారు. నేర్చుకోవద్దని నేననను, రక్తం లెక్క మనది కాదు. కానీ దప్పు వేదిక ఎక్కి, దప్పు కొట్టేవాడు ఊరిబయటే ఉంటే, అది 1822 ఎడిన్‌బరో అవుతుంది. బట్ట రాజు నడుముకెక్కింది, మనిషి ఓడ ఎక్కాడు.

కాబట్టి కిల్టు ఉదాహరణను మనమీదికి విసిరేవాళ్లు దాన్ని సగమే చదివారు. పూర్తిగా చదివితే అది వాళ్ల వాదనకు పనికిరాదు. పరిశోధకులూ కార్యకర్తలూ దీన్ని వదిలెయ్యకుండా చేతిలోకి తీసుకోవాలి. బయటివాడు కట్టుకున్నాడా లేదా అన్నదానికన్నా, కట్టుకున్నందుకు శిక్షపడ్డవాడికి భూమి తిరిగొచ్చిందా, భాష మిగిలిందా, కూలి దక్కిందా అని అడగాలి. స్కాట్లండ్‌లో ఆ ప్రశ్నలకు జవాబులు సగం సగంగానైనా వస్తున్నాయి. అందుకే అక్కడ బయటివాడు కిల్టు కట్టుకొని తలెత్తి నడవొచ్చు. ఇక్కడ ఆ జవాబులు రావలసే ఉన్నాయి.